వానపూట బాస్ చేపకు ఎర

ఇట్టి సంచికలలో సాధారణముగా శాసనములను గూర్చియు, వలసలను గూర్చియు, దేవాలయములను గూర్చియు వ్యాసములుండును. వాని నడుమ చేపలకు వేయు ఎరను గూర్చిన చరిత్రమొకటి కనబడుట కొందఱు చదువరులకు వింతగా తోచవచ్చును. శాకాహారులైన పెద్దలు మన్నింతురు గాక. చరిత్రము రాజుల వెంటనే నడువవలయునను నియమము లేదు. ఒక్కొక్కప్పుడది వానకు పొలము పని సాగక, గాలము పుచ్చుకొని మడుగునకు పోయిన పేద రైతు వెంటను నడుచును. నేను చెప్పదలచినది అట్టి రైతు కథ, ఆతడు వేసిన ఎర కథ. అది జరిగినది అమెరికాలో.

వానకును చేపకును గల సంబంధము మనవారికి క్రొత్త కాదు. తొలకరికి చెరువులోనికి క్రొత్తనీరు దిగునప్పుడు చేపలు ఆ నీటికి ఎదురెక్కుననియు, అలుగు పారునప్పుడు దాని దిగువను కాచుకొన్నవాని బుట్ట నిండుననియు పల్లెటూరి పిల్లలకు సైతము తెలియును. యానాము వాసులకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. గోదావరికి ఎఱ్ఱనీరు తగిలినప్పుడే వారికి పులస దొరకును. కాని పులసను గాలముతో పట్టుట అలవాటు లేదు. అది నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తిను జాతి. ఎరకు ఆశపడదు. దానికి వలయే సాధనము. గాలమునకు చిక్కునది వేటాడి తిను చేప. మన చెరువులలో అట్టిది కొర్రమీను. చిన్న కప్పను గాలమునకు గ్రుచ్చి, తామరాకుల అంచున ఆడించినచో నీడలో పొంచియున్న కొర్రమీను ఒక్క దూకున వచ్చి మ్రింగును. అమెరికా నిలువ నీళ్ళలో ఈ స్థానము బాస్ చేపది.

బాస్ అను పేరుగల చేపలు సముద్రమునందును కలవు. ఇచ్చట చెప్పునది ఉత్తర అమెరికా మంచినీటి నల్లబాస్. అందు ముఖ్యమైనవి రెండు: పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్. పెద్దనోటిది నిలువ నీటిలో నాచు, మునిగిన మ్రాకులు, నీటిమొక్కల నీడ వెదకుకొని మాటువేయును. చిన్ననోటిది రాతినేల గల చల్లని పారునీటిని కోరును. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లాసెపేద్ ఈ చేపలకు శాస్త్రీయ నామములుంచెను. ఆతనికి లభించిన చిన్ననోటి చేపకు వీపు రెక్క కొనయందు గాయమై, తెగిన భాగము వేఱొక చిన్నరెక్కవలె కనబడెను. దానిని చూచి ఆతడు చిన్న రెక్క గలదను అర్థము వచ్చునట్లు మైక్రోప్టెరస్ అని పేరుపెట్టెను. ఒక్క చేపకు తగిలిన దెబ్బ జాతి యంతటికిని పేరై నిలిచినది.

ఈ చేపలు దేశమంతట వ్యాపించుటలో రైలుబండి పాత్ర కలదు. 1854లో ఒహాయో నది ప్రాంతమునుండి కొన్ని చిన్ననోటి బాస్ చేపలను చిల్లుల బాల్చీలో నుంచి, ఆ బాల్చీని రైలు ఇంజను నీటితొట్టిలో వ్రేలాడదీసి, కొండలు దాటించి మేరీలాండ్ రాష్ట్రపు కంబర్లండ్ వద్ద కాలువలో విడిచిరి. అవి పొటోమాక్ నదికి చేరి వృద్ధిపొందెను. అప్పటికి ఈ చేపకు పెద్దరికము లేదు. ఇంగ్లండునుండి వచ్చిన వేడుకల ననుసరించి దొరలు ట్రౌట్, సాల్మన్ చేపలనే గౌరవించిరి. 1881లో జేమ్స్ హెన్‌షల్ అను వైద్యుడు నల్లబాస్‌ను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, పోరాటమున ఇది వానికేమియు తీసిపోదని గట్టిగా వాదించెను. ఆ గ్రంథమే బాస్ వేటకు మూలగ్రంథముగా నేటికిని చెప్పబడుచున్నది.

ఇక ఎరను గూర్చి. ఎరలు రెండు విధములు. ఒకటి తినదగినది: వానపాము, కప్ప, చిన్న చేప, పిండిముద్ద. రెండవది బొమ్మ ఎర: కొయ్యతోనో, లోహపు రేకుతోనో, ఈకలతోనో, రబ్బరుతోనో చేసి ప్రాణమున్నదను భ్రాంతి కలిగించునది. మొదటిది చేపకు పెట్టు విందు, రెండవది వట్టి మోసము. ఈ భేదమును మనసున నుంచుకొనిననే వాన సంగతి బోధపడును.

ఎరను చేపకు తగినట్లు ఎన్నుకొను విద్యను అమెరికావారు కనిపెట్టలేదు. కర్ణాటకమున తరతరములుగ వసించు మన తెలుగువారికి కల్యాణి చాళుక్యులు పరాయివారు కారు. తెలంగాణము చాలకాలము వారి యేలుబడిలో నుండెను, కాకతీయులు మొదట వారి సామంతులే. ఆ వంశమున 1127 నుండి 1138 వరకు రాజ్యము చేసిన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున మానసోల్లాసమును రచించెను. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే ఆతని రాజధాని. ఆ గ్రంథమున మత్స్యవినోదమను ప్రకరణమొకటి కలదు. చేపలు సముద్రమునవా, ఏటివా, పొలుసు గలవా, లేనివా అని రాజు వర్గీకరించెను. ఏ జాతికి ఏ ఆహారము ప్రియమో చెప్పెను. ముందుగా ఒకచోట మేత వేసి చేపలను మచ్చిక చేసి, పిదప గాలము వేయు పద్ధతిని తెలిపెను. దారము, గాలము, కర్ర ఎట్లుండవలెనో వివరించెను. మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్ లాల్ హోరా 1951లో ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ఈ ప్రకరణమును లోకమునకు పరిచయము చేయువరకు గాలము వేటగాండ్రలో దీని నెఱిగినవారు అరుదు. రాజ్యభారము మోయుచు చేప తిండిని ఇంత శ్రద్ధతో గమనించిన ఈ ప్రభువు నాకు మిక్కిలి ప్రీతిపాత్రుడు.

సోమేశ్వరుని ఎర తినదగిన ఎర. దానికి వాన పెద్ద అడ్డు కాదు. నీరు బురదయైనను వాసన ఉండును, రుచి ఉండును. చేప వెదకుకొని వచ్చును. బొమ్మ ఎరకు వాసన లేదు, రుచి లేదు. అది చేప కంటిని మోసగించి బ్రతుకవలెను. వాన ఆ కంటినే కప్పివేయును. కావున బొమ్మ ఎర చేయువానికి వానపూట పరీక్షాసమయము. అమెరికాలో ఈ బొమ్మల చరిత్ర చాలవరకు ఈ పరీక్షకు జవాబు వెదకిన చరిత్రయే.

ఆ చరిత్రమునకు మొదట ఒక చెంచా నిలిచియున్నది. వెర్మాంట్ రాష్ట్రమున జూలియో బ్యూయెల్ అనునాతడు పడవలో భోజనము చేయుచుండగా చెంచా జారి నీట పడెననియు, తళతళలాడుచు మునుగుచున్న ఆ చెంచాను ఒక పెద్దచేప పట్టుకొని పోయెననియు కథ కలదు. కథ నిజమైనను కాకపోయినను, చెంచా ఆకారపు ఎరకు ఆతడు 1852లో పేటెంటు పొందుట నిజము. తరువాతి కథ మిచిగన్ రాష్ట్రపు డొవాజియాక్ పట్టణమునకు చెందినది. జేమ్స్ హెడ్డన్ తేనెటీగల పెంపకమున పేరుపొందినవాడు. ఒకనాడు మిల్లు చెరువు గట్టున కూర్చుండి ఊరక చెక్కుచున్న కొయ్యముక్కను నీటిలోనికి విసరగా బాస్ ఒకటి ఎగిరి దానిని కొట్టెనట. ఇదియు కథయే కావచ్చును. కాని 20వ శతాబ్దారంభమునకు ఆ కుటుంబము రంగు పూసిన కొయ్యచేపలను తయారుచేసి దేశమంతట అమ్ముచుండెను. ఇండియానా రాష్ట్రపు గారెట్ పట్టణమున 1916లో వెలసిన క్రీక్ చబ్ కంపెనీ ఇంకొక మెట్టెక్కెను. కొయ్యచేప మూతికి వంచిన లోహపు రేకునొకదానిని పెదవివలె తగిలించిరి. దారము లాగినప్పుడు నీరు ఆ పెదవికి తగిలి, బొమ్మ తలదించుకొని మునుగుచు, దెబ్బతిన్న చేపవలె అటునిటు ఊగును. కంటికి కనబడుటయే కాక నీటిని కదల్చు బొమ్మ వచ్చెను. ఆ కదలికయే వానపూట అక్కఱకు వచ్చినది.

ఇప్పుడు మన రైతు కడకు వత్తము.

1932 జూన్ 2వ తేదీ. జార్జియా రాష్ట్రమున టెల్‌ఫెయిర్ కౌంటీ. అమెరికాలో ఆర్థికమాంద్యము తీవ్రముగా నున్న కాలము. జార్జి పెర్రీ అను 20 ఏండ్ల యువకుడు తండ్రి మరణించుటచే తల్లిని, తోబుట్టువులను పోషించు భారము నెత్తిన వేసికొని కౌలు సేద్యము వంటి కష్టపు సేద్యము చేయుచుండెను. ఆనాడు తెల్లవారుసరికి వాన. నేల తడిసి దున్నుటకు వీలు లేకపోయెను. ఎండ కాచినచో ఆతడు ఆ దినమున పొలముననే ఉండెడివాడు. ఈ కథ ఉండెడిదే కాదు. పొలము పని లేదు కనుక మిత్రుడు జాక్ పేజ్‌తో కలిసి మాంట్‌గోమరీ మడుగునకు పోయెను. దానిని సరస్సని పిలిచినను, అది ఆక్మల్గీ నది దారి మార్చుకొనగా విడివడిన పాత పాయ. చుట్టును సైప్రస్ చెట్లు, మునిగిన మ్రాకులు.

వారు వినోదమునకై పోయిరనుకొనరాదు. ఇంటిల్లిపాదికిని రాత్రి కూర కావలెను. ఉన్నది చేతితో చేసిన చిన్న పడవ, ఒక గాలపు కర్ర, ఇద్దరికిని కలిపి ఒకే బొమ్మ ఎర. అది క్రీక్ చబ్ కంపెనీ కొయ్యచేప. నేడు వానపూట ఏ బొమ్మ వేయవలెనని పెట్టెలోని నూటయిరువది బొమ్మలను తిరగవేయు వేటగాండ్రకు ఈ సంగతి గిట్టకపోవచ్చును. పెర్రీకి ఎన్నుకొనుటకేమియు లేకుండెను. చెట్టుకు చిక్కి దారము తెగినచో ఆనాటి వేట ముగిసినట్లే.

పెర్రీ తరువాత చెప్పినదానినిబట్టి, ఒకచోట నీరు కలగుట చూచి ఆతడు బొమ్మను అచ్చటికి విసరెను. నీరు ఒక్కసారి పగిలెను. దారము లాగగా కదలలేదు. మునిగిన దుంగకు తగులుకొన్నదని, ఉన్న ఒక్క ఎరయు పోయినదని ఆతడు భయపడెను. అంతలో దుంగ కదలెను. పడవలోనికి వచ్చినదానిని చూచి ఆతనికి మొదట కలిగిన తలపు రికార్డును గూర్చినది కాదు, ఇంటికి ఎంత కూర దొరకెనో అని.

హెలెనా పట్టణమునకు తీసికొనిపోయి తూచగా 22 పౌండ్ల 4 ఔన్సులు తూగెను. మన లెక్కకు పది కిలోలకు కొంచెము పైన. పొడవు 32 1/2 అంగుళములు, చుట్టుకొలత 28 1/2 అంగుళములు. ఎవరో ప్రోత్సహింపగా ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ పత్రిక నడుపు పోటీకి ఆ కొలతలను పంపెను. 75 డాలర్ల విలువ గల సామగ్రి బహుమానముగా వచ్చెను. చేప మాత్రము అప్పటికే వంటయింటికి చేరినది. ఆ కుటుంబము దానిని రెండు పూటలు తినెను.

పెద్దనోటి బాస్ ప్రపంచ రికార్డుగా దానిని త్రోసిరాజనిన చేప నేటికిని లేదు. అందుచేతనే సందేహములును పుట్టినవి. చేప తినబడినది, చర్మము కూరి పెట్టినవారు లేరు, ఆనాడు తీసిన ఛాయాచిత్రము చూపినవారు లేరు. అనేక వత్సరముల పిదప ఒక చిత్రము బయటపడినను వివాదము తీరలేదు. ఎర పేరునందును పొత్తు లేదు: పెర్రీ ఒకప్పుడు విగిల్ ఫిష్ అనియు, మఱియొకప్పుడు ఫిన్‌టెయిల్ షైనర్ అనియు చెప్పెను. రెండును ఆ కంపెనీవే. నా మట్టుకు నేను ఈ తడబాటును అబద్ధమునకు గుర్తుగా తలపను. కల్లలాడువాడు ఒకే పేరు కంఠస్థము చేయును. కూరకై పోయినవానికి ఎర పేరు జ్ఞాపకముండవలసిన అవసరమేమి? ఆతడు గాలమున చేయి తిరిగినవాడనుటకు 1934లో అదే పోటీలో మఱల గెలుచుటయే సాక్ష్యము. పిమ్మట విమానములు నడుపుట నేర్చి, జార్జియా తీరమున బ్రన్స్‌విక్‌లో విమాన వ్యాపారము చేసి, 1974 జనవరిలో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్ సమీపమున తన విమానము కూలి మరణించెను. కీర్తిని అమ్ముకొనవలెనను ఆశ ఆతని జీవితమున ఎచ్చటను కనబడదు.

పెర్రీ చేప వానవలననే చిక్కినదా అని అడుగవచ్చును. వాన ఆతనిని మడుగునకు పంపినదని నిశ్చయముగా చెప్పవచ్చును. చేపను గూర్చి చెప్పుటకు వాన నీటిని ఏమి చేయునో చూడవలెను.

మొదట వెలుతురు. మబ్బు పట్టినప్పుడు నీటిలోనికి దిగు వెలుగు తగ్గును. చినుకులు పడి నీటి పైభాగము అద్దమువలె గాక చితికిన రేకువలె నగును. ఎండలో చెట్టునీడను దాగియున్న బాస్ అప్పుడు ధైర్యము చేసి బయటికి వచ్చి తిరుగును. ఒడ్డున నిలిచిన మనిషి దానికి సరిగా కనబడడు. సన్నని వాన పడుచు నీరింకను తేటగా నున్నంతసేపు నీటిపై తేలి చప్పుడుచేయు బొమ్మలు బాగుగ పనిచేయుట ఇందుచేతనే. కప్ప ఆకారపు రబ్బరు బొమ్మ, పుటుక్కుమని నీరు చిమ్ము గుంటమూతి బొమ్మ, రేకు తిరుగుచు గరగరమను బొమ్మ ఈ కోవలోనివి. కొర్రమీనుకు కప్ప ఆడించిన మనవాడు ఈ రహస్యమును చదువకయే ఎఱుగును.

వాన పెద్దదైనచో సంగతి మారును. చేల మన్ను కొట్టుకొని వచ్చి నీరు మడ్డియగును. కాలువ చెరువులో కలియుచోట వానపాములు, పురుగులు కొట్టుకొని వచ్చును. వానికై చిన్నచేపలు చేరును. చిన్నచేపలకై బాస్ చేరును. తేటనీరును మడ్డినీరును కలిసికొను అంచున నిలిచి మడ్డిలోనుండి వచ్చిన చేపను పట్టుట దానికి సులువు. కాని ఆ మడ్డిలో రంగుల బొమ్మ వేసిన ఫలమేమి? ఇచ్చట బాస్ తన పక్కల వెంటనున్న రేఖను నమ్ముకొనును. ఆ రేఖయందలి సూక్ష్మాంగములు నీటి కదలికను గ్రహించును. అందుచేత మడ్డినీటికి వెడల్పు రేకు గలదియు, నెమ్మదిగా లాగినను నీటిని దడదడ కొట్టునదియు, పొట్టలో గుండ్లు గలగలలాడునదియు కావలెను. క్రీక్ చబ్ వారి లోహపు పెదవి చేసిన పనియు ఇదియే. పెర్రీ బొమ్మ ఏదైనను దానికి ఈ గుణము కలదని చెప్పవచ్చును.

రంగును గూర్చి వేటగాండ్ర నడుమ జరుగు వాదములకు అంతు లేదు. మడ్డినీటికి పసుపుపచ్చ కావలెనని కొందఱు, నలుపు కావలెనని కొందఱు. ఇలినాయి విశ్వవిద్యాలయమున బాస్ చేపలకు రంగులు గుర్తించుటలో శిక్షణ నిచ్చి జరిపిన పరిశోధన 2019లో ప్రకటింపబడెను. బాస్ కంటిలో రంగులు గుర్తించు కణములు రెండు విధములే. ఒకటి ఎఱుపునకు, ఒకటి ఆకుపచ్చకు చెందినవి. ఆ రెండు రంగులను అది బాగుగ గుర్తించెను. పసుపుపచ్చకును తెలుపునకును, నీలమునకును నలుపునకును భేదము తెలియక తికమకపడెను. దుకాణములో పసుపుపచ్చ బొమ్మయా తెల్లబొమ్మయా అని గంటసేపు తర్కించు మనుజుని జూచి చేప నవ్వుకొనును కాబోలు. మడ్డిలో నలుపు పనికివచ్చుటకు కారణము రంగు గాదు, నీడ. పైనుండి వచ్చు కొద్దిపాటి వెలుతురునకు ఎదురుగా నల్లని ఆకారము స్పష్టముగ తోచును.

వాయుపీడనమును గూర్చిన నమ్మకమొకటి కలదు. గాలివానకు ముందు పీడనము పడిపోవుననియు, దానివలన చేపకు ఆకలి పెరుగుననియు చాలమంది చెప్పుదురు. ఈ కారణము నాకు నమ్మబుద్ధి పుట్టదు. పెద్ద తుఫాను తప్ప మామూలు వాన తెచ్చు పీడన భేదము, చేప నీటిలో ఒక జానెడో మూరెడో పైకిగాని క్రిందికిగాని జరిగినప్పుడు అనుభవించు భేదమును మించదు. దినమున ఎన్నియో పర్యాయములు చేప అట్లు జరుగుచునే యుండును. వెలుతురు తగ్గుట, గాలి లేచుట, క్రొత్తనీరు దిగుట చాలిన కారణములు. మఱియొక మాట: ఉఱుము వినబడినంతనే గాలపు కర్రను దించి ఒడ్డు చేరవలెను. నేటి కర్రలు గ్రాఫైటుతో చేసినవి. అవి మెఱుపును పిలుచు కడ్డీల వంటివి.

పెర్రీ తరువాత బొమ్మల లోకమున వచ్చిన గొప్పమార్పు 1949 నాటిది. ఒహాయో రాష్ట్రపు ఆక్రన్ నగరమున నిక్ క్రీమ్ అను యంత్రపు పనివాడు, భార్య సాయముతో ఇంటనే మెత్తని ప్లాస్టిక్కును కరగించి, వానపాము అచ్చున పోసెను. ముట్టుకొనిన నిజమైన పామువలె జారును, వంగును. తపాలా ద్వారా అమ్ముటకు పత్రికలో ప్రకటించి, పిదప వ్యాపారమును టెక్సస్ రాష్ట్రపు టైలరు పట్టణమునకు మార్చెను. ఇందొక వింత కలదు. వాన కురిసిన పిదప నేలలోనుండి ఊరకే బయటికి వచ్చు ప్రాణిని, గునపము పట్టినవానికి కానిఖర్చు లేక దొరకు ప్రాణిని, మనిషి పెట్రోలియము నుండి తయారుచేసి వెలకు కొనసాగెను. అయినను దానికి సాటియైన బాస్ ఎర నేటికిని అరుదని అనుభవజ్ఞులందురు.

ఇక రెండవ వాన. 1967 మార్చి నెలలో అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ నగర వాసి, భీమా వ్యాపారి రే స్కాట్, మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరమునకు చేపల వేటకై పోయెను. గాలివాన వచ్చి వేట చెడెను. హోటలు గదిలో కూర్చుండి టెలివిజనులో బాస్కెట్‌బాల్ ఆట చూచుచుండగా ఆతనికి ఒక ఊహ తట్టెను: ఆ ఆటకు పోటీలున్నట్లు బాస్ వేటకు ఏల ఉండరాదు? ఆ జూన్‌లోనే అర్కాన్సా రాష్ట్రపు బీవర్ జలాశయమున ప్రవేశ రుసుము నూరు డాలర్లుగా పోటీ పెట్టెను. 106 మంది వచ్చిరి. మరుసటి యేడు వేటగాండ్ర సంఘము స్థాపించెను. 1971లో లాస్ వేగాస్ దగ్గరి మీడ్ జలాశయమున మొదటి మహాపోటీ జరిగెను; పదివేల డాలర్ల బహుమానము. 1932 వాన ఒక రైతును మడుగునకు పంపినది. 1967 వాన ఒక వ్యాపారిని మడుగుకు పోనీయక గదిలో కూర్చుండబెట్టినది. బాస్ వేట కూర సంపాదన నుండి ధన సంపాదనకు మారుట ఈ రెండు వానల నడుమ జరిగినది. వానపూట ఏ బొమ్మ వేయవలెనను ప్రశ్నకు వందల సమాధానములు అంగడిలో వ్రేలాడుటయు ఆ పిమ్మటనే. అనేక బొమ్మలు చేపకంటె ముందు మనుష్యుని పట్టుటకు రంగు పూసినవని అందరు అంగీకరించు సత్యము.

స్కాట్‌ను కేవలము వ్యాపారిగా తలచుట అన్యాయము. మొదటి పోటీలలో పట్టిన చేపలన్నియు చచ్చెడివి. దానిని చూచి ఆతడు 1972లో, పట్టినదానిని చంపక నీటితొట్టిలో ప్రాణముతో తెచ్చి తూచి మఱల నీట విడువవలెనను పద్ధతిని పోటీలలో ప్రవేశపెట్టెను. క్రమముగా అది మామూలు వేటగాండ్రకును ఆచారమైనది. ఆతడు 2022లో మరణించెను. చేపను విడుచుట సంస్కారమని నేడు ఎల్లరు అందురు. సంస్కారమే. కాని ఇంట ఆకలిగొన్న తల్లియు, తోబుట్టువులును ఎదురుచూచుచుండగా ఆ పది కిలోల చేపను విడువుమని పెర్రీకి చెప్పగలవారెవరు?

పెర్రీ రికార్డుకు జత కలిసినది ఆతని దేశమున కాదు, జపానులో. అచ్చటికి బాస్ తనంత తాను పోలేదు. 1925లో అకబోషి టెట్సుమా అను వర్తకుడు అమెరికానుండి తెప్పించి ఆషి సరస్సున విడిచెను. అటనుండి అది దేశమంతట ప్రాకి, బీవా సరస్సునకును చేరెను. బీవా జపానులో అన్నిటికంటె పెద్ద సరస్సు. ప్రపంచమున మఱెచ్చటను లేని చేపలకు నెలవు. బాస్ ఆ చేపలను తిని పెరిగెను. దానికి తోడు బ్లూగిల్ అను మఱియొక అమెరికా చేప వచ్చెను. 1960లో యువరాజు అకిహితో అమెరికా పర్యటనలో షికాగో నగర మేయరు కానుకగా ఇచ్చిన బ్లూగిల్ చేపలను ఆహారముగా పెంచవచ్చునను ఆశతో జపానునకు తెచ్చెను. అవియు తప్పించుకొని వ్యాపించెను. చక్రవర్తియై, స్వయముగా మత్స్యశాస్త్రజ్ఞుడును ఐన అకిహితో 2007లో బీవా ప్రాంతమునకు వచ్చి, జరిగినదానికి తన మనసు నొచ్చుచున్నదని బహిరంగముగా చెప్పెను. ఒక చక్రవర్తి చేపను గూర్చి పశ్చాత్తాపపడిన సందర్భము చరిత్రమున వేఱొకటి నాకు తెలియదు. అప్పటికే అచ్చటి ప్రిఫెక్చరు ప్రభుత్వము, బీవాలో పట్టిన బాస్‌ను మఱల నీట విడువరాదని శాసనము చేసియుండెను. అమెరికాలో సంస్కారమైనది బీవాలో నేరమైనది.

2009 జూలై 2వ తేదీన, పెర్రీ దినమునకు సరిగా 77 సంవత్సరముల ఒక నెలకు, మనాబు కురిటా అను జపాను యువకుడు బీవా సరస్సున 22 పౌండ్ల 4.97 ఔన్సుల బాస్‌ను పట్టెను. రికార్డు మాఱవలెనన్నచో కనీసము రెండు ఔన్సుల భేదము కావలెనని అంతర్జాతీయ సంఘము నియమము. కావున ఇరువురును సమానులని 2010లో ప్రకటించిరి. కురిటా గాలమునకు కట్టినది కొయ్యబొమ్మ కాదు, ప్లాస్టిక్కు పాము కాదు, ప్రాణముతోనున్న బ్లూగిల్. సోమేశ్వరుడు విన్నచో తల యూచియుండును.

మాంట్‌గోమరీ మడుగు నేడు చాలవరకు పూడిపోయినది. నది ఒండ్రు తెచ్చి నింపెను. ఆ ప్రాంతపు రహదారి ప్రక్కను జార్జియా రాష్ట్రమువారు ఒక ఫలకము నిలిపిరి. దానిపై తేదీ, బరువు, పెర్రీ పేరు కలవు.